ఇంటి లెక్కలో ఉంది, ఊరి లెక్కలో లేదు

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ గోపాలపట్నం దగ్గరి ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ప్లాస్టిక్ కర్మాగారం నుంచి స్టైరీన్ అనే విషరసాయనం ఆవిరి ఊరి మీదికి పాకింది. 12 మంది ప్రాణాలు పోయాయి. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. నిద్రలోంచి లేచినవాళ్ళు కళ్ళు మండుతూ, ఊపిరాడక, చీకట్లో దొరికిన దారిన పరుగెత్తారు. కట్టుకొయ్యకి ఉన్న ఆవుకి ఆ అవకాశం లేదు, గొలుసుతో ఉన్న కుక్కకీ లేదు. స్టైరీన్ ఆవిరి గాలికన్నా బరువైనది. నేల బారున సాగుతుంది కాబట్టి తల కిందికి ఉండే ప్రాణులకి మరీ ప్రమాదం. తెల్లారాక వీధుల్లో పడివున్న పశువుల ఫొటోలు దేశమంతా చూసింది.

అంతమంది మనుషులు పోయినచోట కుక్క గురించీ ఆవు గురించీ మాట్లాడటం తగునా అనే సందేహం సహజమే. కానీ ఆ రాత్రి గొలుసు విప్పకుండా పరుగెత్తినవాడికి ఆ రెండు బాధలూ వేరువేరుగా ఉండవు. అతన్ని తప్పు పట్టడానికి ఏమీ లేదు, పిల్లల్ని ఎత్తుకోవడానికే చేతులు చాలని సమయం అది. అడగవలసిన ప్రశ్న ఊరిని అడగాలి. అలాంటి రాత్రి ఇంట్లోని మూగజీవాన్ని ఏం చేయాలో ఎవరైనా ఎప్పుడైనా చెప్పారా?

ప్రమాదం ముందే తెలిసిన సందర్భంలో కూడా సంగతి పెద్దగా మారదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు కొన్ని రోజుల ముందునుంచే హెచ్చరికలున్నాయి. తీరంలోని పేటలవాళ్ళని పునరావాస కేంద్రాలకి తరలించారు. పునరావాస కేంద్రం అంటే సాధారణంగా బడి గదులో కల్యాణ మండపమో. అక్కడ మనిషికి చాప, భోజనం పొట్లం దొరుకుతాయి. కుక్కని తీసుకెళితే గేటు దగ్గర ఏమంటారో తెలియదు కాబట్టి చాలామంది అడగను కూడా అడగరు. ఇంటి దగ్గర ఎవరో ఒకరు ఆగిపోతారు. ఎక్కువగా ఆగిపోయేది ముసలివాళ్ళే.

అమెరికాలో ఇదే జరిగి చట్టం దాకా వెళ్ళింది. 2005లో కత్రినా తుఫాను న్యూ ఆర్లీన్స్‌ని ముంచినప్పుడు జంతువుల్ని వెంట తీసుకెళ్ళనివ్వక చాలామంది ఇల్లు కదలలేదు. ఒక చిన్నపిల్లవాడి చేతిలోంచి తెల్లకుక్కని లాగేసుకుని బస్సెక్కించారన్న వార్త దేశాన్ని కదిలించింది. మరుసటి ఏడాది, 2006లో, విపత్తు తరలింపు ప్రణాళికల్లో పెంపుడు జంతువులకీ చోటుండాలని చట్టం చేశారు. దాని వెనక జంతువుల మీద జాలి ఎంత ఉందో, మనుషుల్ని కాపాడాలన్న లెక్కా అంతే ఉంది. జంతువుని వదలమంటే మనిషి కదలడు. కాబట్టి ఇద్దర్నీ కదిలించాలి.

మన దగ్గర విపత్తు సాయం నిబంధనల్లో జంతువులు లేకపోలేదు. 2022లో సవరించిన లెక్క ప్రకారం పాడి గేదె పోతే 37,500 రూపాయలు. దున్నే ఎద్దుకీ, మేకకీ, చివరికి కోడికీ ఒక రేటు రాసుంది. పాలిచ్చేది, దున్నేది, అమ్ముకునేది లెక్కలో ఉంది. కుక్కా పిల్లీ లేవు, ఎందుకంటే వాటి వల్ల వచ్చేది రూపాయల్లో చెప్పేది కాదు.

రూపాయల్లో చెప్పలేకపోయినా వేరే విధంగా కొలవవచ్చు. జపాన్‌లోని అజాబు విశ్వవిద్యాలయంవాళ్ళు 2015లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన పరిశోధన ఈ విషయంలో చాలా ముఖ్యమైనది. కుక్కనీ దాని యజమానినీ అరగంటసేపు ఒక గదిలో వదిలారు. ముందూ తర్వాతా ఇద్దరి మూత్రంలోనూ ఆక్సిటోసిన్ ఎంతుందో చూశారు. కాన్పు సమయంలోనూ, బిడ్డకి పాలిచ్చేటప్పుడూ తల్లి శరీరంలో పెరిగే హార్మోను అది. యజమాని కళ్ళలోకి ఎక్కువసేపు చూసిన కుక్కల జతల్లో ఇద్దరికీ ఆక్సిటోసిన్ పెరిగింది. మనుషులు సొంతంగా పెంచిన తోడేళ్ళతో అదే పరీక్ష చేస్తే ఆ ఫలితం రాలేదు. తోడేలు మనిషి కళ్ళలోకి అలా చూడదు. జంతుప్రపంచంలో తదేకంగా చూడటం మామూలుగా బెదిరింపు. దాన్ని ఆప్యాయతగా మార్చుకున్నది కుక్క. 2019లో ఇంకో పరిశోధన, కనుబొమ లోపలి కొసని పైకెత్తే కండరం కుక్కల్లో బాగా ఎదిగి ఉంటుందనీ, తోడేళ్ళలో అది దాదాపు లేనట్టేననీ చూపించింది. దిగులుగా, చంటిపిల్లలా కనిపించే ఆ చూపుని మనతో ఉన్న వేల ఏళ్ళే ఆ ముఖంలో తయారుచేశాయి.

ఆ వేల ఏళ్ళకి మట్టిలో సాక్ష్యం ఉంది. జర్మనీలోని బాన్-ఒబర్‌కాసెల్‌లో సుమారు 14,000 ఏళ్ళనాటి సమాధిలో ఒక పురుషుడితో, ఒక స్త్రీతో పాటు ఒక కుక్కపిల్ల ఎముకలు దొరికాయి. పళ్ళమీది గుర్తులు చూస్తే దానికి డిస్టెంపర్ అనే ప్రాణాంతకమైన అంటుజబ్బు వచ్చింది, అయినా వారాల తరబడి బతికింది. ఎవరో పక్కనుండి చూసుకుంటే తప్ప అంతకాలం బతికే జబ్బు కాదది. వేటకి పనికిరాని, జబ్బుపడ్డ పిల్ల అది. దానికి నీళ్ళు పట్టి, తుడిచి, వెచ్చగా ఉంచినవాళ్ళు వ్యవసాయం కూడా తెలియని కాలంవాళ్ళు. ఉపయోగం కోసమే మనిషి జంతువుని చేరదీశాడన్న వాదనకి ఈ ఒక్క పిల్ల చాలు, జవాబుగా.

పిల్లి కథ వేరు. అది తనంతట తానే గాదెల దగ్గర ఎలుకల కోసం వచ్చింది. మనిషికి దాసోహం అనదని దానికి పేరు. అయినా 2019లో అమెరికాలోని ఒరెగాన్‌లో, చంటిపిల్లలు తల్లిని ఎంత నమ్ముకున్నారో తెలుసుకోవడానికి వాడే పరీక్షనే పిల్లులకి పెడితే, దాదాపు 65 శాతం పిల్లులు యజమాని తిరిగి రాగానే కుదుటపడి మళ్ళీ తమ ఆటలో తాము పడ్డాయి. చంటిపిల్లల్లోనూ ఇంచుమించు అదే నిష్పత్తి. విశాఖ జాలారిపేట వీధుల్లో తిరిగేవాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. వలలు కొరికే ఎలుకల్ని పట్టే పిల్లికి అక్కడ పడవ దిగగానే నెత్తళ్ళో కవ్వళ్ళో వాటా పడుతుంది. అది ఫలానావాళ్ళ పిల్లి అని ఎవరూ చెప్పరు. కానీ ఏ ఇంటి ముందు ఏ వేళకి కూర్చోవాలో దానికి తెలుసు, అది రాకపోతే ఆ ఇంటావిడ ‘ఏటి, ఇంకా రాలేదు’ అని వీధిలోకి చూస్తుంది.

బంధం అంటే పెద్ద పెద్ద త్యాగాలూ, యజమాని సమాధి దగ్గర కూర్చున్న కుక్కల కథలూ గుర్తొస్తాయి. నిజానికి దాన్ని కట్టేది వేళ. ప్రతిరోజూ అదే వేళకి గిన్నె చప్పుడు, అదే వేళకి గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడు. ఈ మాట విశాఖలోని కొన్ని ఇళ్ళని చూస్తే బాగా అర్థమవుతుంది.

స్టీల్‌ప్లాంటులోనో పోర్టులోనో పనిచేసి రిటైరైనవాళ్ళ ఇళ్ళు ఎంవీపీ కాలనీలో, సీతమ్మధారలో, గాజువాకలో ఎన్నో ఉన్నాయి. కొడుకు ఇంజనీరింగ్ చదివేటప్పుడు స్నేహితుడి దగ్గర్నుంచి లాబ్రడార్ పిల్లని తెచ్చాడు. తండ్రి ‘కుక్కా గిక్కా నా ఇంట్లో వద్దు’ అన్నాడు. మూడేళ్ళకి కొడుకు హైదరాబాదుకి, అక్కణ్ణుంచి డల్లాస్‌కి వెళ్ళాడు. కుక్క మిగిలింది. ఇప్పుడు పొద్దున్నే అయిదింటికి ఆ తండ్రి మోకాళ్ళ నొప్పితోనే లేస్తాడు, ఎందుకంటే మంచం పక్కన ముక్కు పెట్టి లేపేది ఉంది. తెల్లవారుజామున వాహనాలు ఆపేసిన బీచ్ రోడ్డు మీద నడుస్తాడు. అక్కడ తోటి నడకవాళ్ళకి ఆయన పేరు తెలియదు, ‘బ్రూనో వాళ్ళ నాన్నగారు’ అంతే. రాత్రి అమెరికా ఫోనులో తల్లి మొదటి మాట తన బీపీ గురించి కాదు. ‘వీడు రెండురోజుల్నుంచి సరిగా తినట్లేదురా, నీ గొంతు వింటే తింటాడేమో, ఓసారి పిలు.’

ఇది ఎవరో ఒకరి ఇల్లు కాదు, చాలా ఇళ్ళలో కనిపించే బొమ్మ. వద్దన్నవాడే ఎక్కువ దగ్గరవడం దాదాపు ప్రతి ఇంట్లోనూ జరుగుతుంది. దానికి వింత కారణమేమీ లేదు. తెచ్చినవాడు వెళ్ళిపోయాక చేసేవాడు ఆయనే కాబట్టి. సేవ చేసే చెయ్యి ప్రేమని వెనకాలే లాక్కొస్తుంది. ఆ ఇంట్లో కుక్కకి వరసలు కూడా కుదిరిపోతాయి, ‘అన్నయ్య ఫోను చేశాడు, రా’ అని పిలుస్తారు.

ఒంటరిగా ఉండేవాళ్ళకి కుక్క ఆయుష్షు పోస్తుందని చెప్పే పరిశోధనలున్నాయి. స్వీడన్‌లో 34 లక్షల మంది వివరాలు పరిశీలించి 2017లో ప్రకటించిన దాంట్లో, ఒంటరిగా ఉంటూ కుక్కని పెంచేవాళ్ళలో చనిపోయే అవకాశం, కుక్క లేని ఒంటరివాళ్ళకన్నా 33 శాతం తక్కువగా తేలింది. ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. రోజూ రెండుపూటలా నడవగలిగే ఆరోగ్యం ఉన్నవాళ్ళే కుక్కని తెచ్చుకుంటారు కదా. ఆరోగ్యం కుక్క వల్ల వచ్చిందా, ఆరోగ్యం ఉండబట్టి కుక్క వచ్చిందా అన్నది ఆ లెక్క తేల్చదు. మందుచీటీలో రాసినట్టు ‘అమ్మకి తోడుగా ఉంటుంది’ అని ఊరినుంచి ఒక కుక్కపిల్లని పంపేసే కొడుకులూ కూతుళ్ళూ ఈ సంగతి ఆలోచించాలి. అడగని మనిషి ఒళ్ళో పెట్టిన బాధ్యత తోడవ్వాలని లేదు.

విదేశాలకి వెళ్ళినవాళ్ళు తర్వాత కుక్కని రప్పించుకుందామంటే అదీ తేలిక కాదు. అమెరికా 2024 ఆగస్టు 1 నుంచి రేబిస్ ఎక్కువగా ఉన్న దేశాలనుంచి వచ్చే కుక్కలకి కొత్త నిబంధనలు పెట్టింది, మన దేశం ఆ జాబితాలో ఉంది. మైక్రోచిప్ ఉండాలి, వయసు ఆరు నెలలు దాటాలి. మన దగ్గర టీకా వేయించిన కుక్కైతే గుర్తింపు పొందిన ల్యాబులో రక్తపరీక్ష చేయించాలి, లేదంటే అక్కడ 28 రోజులు క్వారంటైన్‌లో ఉంచాలి. దేశంలోపల బదిలీలూ కష్టమే. రైల్లో కుక్కని వెంట పెట్టుకోవాలంటే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మనదై ఉండాలి, లేకపోతే గార్డు పెట్టెలోని బోనులో వెళ్ళాలి. తూర్పు నౌకాదళం, రైల్వే, పోర్టు, బ్యాంకులు ఉన్న విశాఖ బదిలీల ఊరు. ‘బదిలీ అయింది, మంచి ఇల్లు చూసి ఇచ్చేస్తాం’ అనే మాట ఇక్కడ తరచు వినిపిస్తుంది. వాళ్ళలో ఎక్కువమంది కఠినులు కారు. తెచ్చుకున్ననాడు పన్నెండేళ్ళ లెక్క వేసుకోలేదు, అంతే.

ప్రేమ ఉంటే చాలు, తక్కినవన్నీ అవే కుదురుతాయనుకోవడం వల్ల జరిగే హాని కూడా చిన్నది కాదు. విశాఖ ఉక్కపోత సంగతి ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పుతూ, ఆ తడి ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. గాలిలోనే తేమ నిండి ఉంటే ఆ తడి ఎక్కడ ఆరుతుంది? మంచుదేశపు హస్కీ, ముక్కు నొక్కేసినట్టుండే పగ్ ఇక్కడ మేనెల మధ్యాహ్నం ఎలా బతుకుతాయో చూస్తే, వాటిని కొని తెచ్చిన ముచ్చట మీద కోపం వస్తుంది. ఏసీ గదిలో పెడుతున్నాం కదా అంటారు. కరెంటు పోయిన మధ్యాహ్నం మాటేమిటి? మన వీధుల్లో పుట్టిన నాటు కుక్క ఈ గాలికి తగినట్టే ఎదిగింది. దాన్ని ఇంట్లోకి తెచ్చుకోవడం తక్కువతనం అనుకునే పద్ధతి పోవాలి.

తిండి విషయంలోనూ అంతే. మనం తినేది పెట్టడమే ప్రేమ అనుకుంటాం. ఉల్లిపాయ కుక్కకీ పిల్లికీ కూడా రక్తకణాల్ని దెబ్బతీస్తుంది. ద్రాక్షపళ్ళు, ఎండుద్రాక్ష కుక్క కిడ్నీల్ని పాడుచేస్తాయి. చాక్లెట్ విషం. అన్నిటికన్నా దారుణం, జ్వరంగా ఉందని జాలిపడి పిల్లికి వేసే పారాసిటమాల్. ఆ మందుని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు, మనం వేసుకునే ఒక్క మాత్రతో అది చచ్చిపోవచ్చు. పిల్లి చిగుళ్ళు నీలంగానో గోధుమరంగుగానో మారి ఆయాసపడుతుంటే వెంటనే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి.

మనసు అర్థం చేసుకోవడంలోనూ పొరపాట్లు జరుగుతాయి. చెప్పు కొరికేసిన కుక్క తల దించుకుని, చెవులు వెనక్కి పెట్టి నిలబడితే ‘చూడు, తప్పు చేశానని దానికి తెలుసు’ అంటాం. 2009లో చేసిన ఒక పరిశోధన దీన్ని సూటిగా పరీక్షించింది. కుక్క తినకూడని బిస్కెట్టు తిన్నా తినకపోయినా, తినేసిందని యజమానికి చెప్పి తిట్టించారు. తిట్టు పడ్డప్పుడే ‘తప్పుచేసిన ముఖం’ ఎక్కువగా కనిపించింది, తినని కుక్కల్లో కూడా. అంటే ఆ ముఖం చేసిన తప్పుకి కాదు, మన కోపానికి. సాయంత్రం ఇంటికొచ్చి పొద్దుటి తప్పుకి కొట్టినవాడి మీద కుక్కకి కలిగేది పశ్చాత్తాపం కాదు, భయం.

రామచిలుక మాట ఒక్కటి చెప్పాలి. పంజరంలో చిలుకని ముద్దుగా పెంచే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. మన దేశపు చిలుకల్ని పట్టడం, అమ్మడం, పెంచడం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరం. అది మాటలు నేర్చుకునేది తన గుంపు నుంచి విడిపోయి, మనల్నే గుంపు అనుకుంటుంది కాబట్టి.

ఇంటి గుమ్మం దాటి వీధిలోకి వస్తే ఈ బంధం చుట్టూ తగువు మొదలవుతుంది. ఆర్కే బీచ్ దగ్గర సాయంత్రాలు పెరుగన్నం డబ్బాలతో, బిస్కెట్ పొట్లాలతో వచ్చి వీధికుక్కలకి పెట్టేవాళ్ళున్నారు. అవే కుక్కల్ని చూసి బండి వేగం పెంచి పడిపోయేవాళ్ళూ ఉన్నారు. ఇద్దరిదీ నిజమే. కోల్‌కతాలోని ఐసర్ అనే విజ్ఞాన విద్యాసంస్థ పరిశోధకులు వీధికుక్కల మీద చేసిన పని ఇక్కడ పనికొస్తుంది. కొత్త మనిషి మళ్ళీమళ్ళీ వచ్చి తిండి పెట్టిన కుక్కలకన్నా, తల నిమిరిన కుక్కలే అతన్ని ఎక్కువ నమ్మాయని 2017లో వాళ్ళు చూపించారు. రాళ్ళే ఎక్కువగా తగిలే ప్రాణికి ఒక చెయ్యి మెత్తగా తగలడం తిండికన్నా పెద్ద సంగతి.

అయినా నిమిరే చెయ్యి అంతటితో ఆగితే చాలదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు లేదు. కరిచినా గీరినా గాయాన్ని సబ్బుతో ధారగా పారే నీటికింద 15 నిమిషాలు కడిగి, అదేరోజు టీకా మొదలుపెట్టాలి. ఇది తెలియక పసుపో కారమో అద్దేవాళ్ళు ఇంకా ఉన్నారు. వీధికుక్కలకి కుటుంబ నియంత్రణ ఆపరేషన్, టీకా చేసి అదే వీధిలో వదలాలన్నది 2001 నుంచీ ఉన్న పద్ధతి, 2023 నిబంధనలూ దాన్నే కొనసాగించాయి. ఆపరేషన్ అయిన కుక్క చెవి అంచున చిన్న కత్తిరింపు గుర్తు ఉంటుంది. విశాఖలో 1996లో మొదలైన వీఎస్‌పీసీఏ లాంటి జంతు సంరక్షణ సంస్థ ఈ పనిలో చాలాకాలంగా ఉంది. తిండి పెట్టే ప్రతి మనిషీ తన వీధిలోని కుక్కల చెవులు చూసి, కత్తిరింపు లేనివాటి గురించి పట్టుబట్టి అడిగితే, ఆ కుక్కలకి ఇంతకన్నా మేలు లేదు. తిండి పెట్టే చోటు పిల్లలు ఆడుకునే స్థలానికీ, మెట్ల దారికీ దూరంగా ఉండాలని కూడా 2023 నిబంధనల్లోనే ఉంది. భయపడేవాడి భయాన్ని వెక్కిరిస్తే చివరికి దెబ్బ తినేది కుక్కే.

చావు దగ్గర ఈ బంధం ఎంత ఒంటరిదో తెలుస్తుంది. ఇంట్లో మనిషి పోతే మైల ఉంది, పదోరోజు ఉంది, పలకరించడానికి వచ్చే చుట్టాలున్నారు. పదమూడేళ్ళు ఇంట్లో తిరిగిన కుక్క పోతే మర్నాడు ఆఫీసుకి వెళ్ళాలి. కళ్ళు ఎందుకు ఎర్రగా ఉన్నాయంటే ‘నిద్రలేదు’ అనాలి. సమాజం గుర్తించని ఇలాంటి దుఃఖం గురించి అమెరికన్ ఆచార్యుడు కెన్నెత్ డోకా 1989లోనే రాశాడు. ఏడవడానికి అనుమతి లేని దుఃఖం త్వరగా తగ్గదు, లోపల తిరుగుతుంది. దానికి తోడు నేరభావం. ‘నాలుగురోజుల ముందే పిడుదుల జ్వరం అని పోల్చుకుని ఉంటే’, ‘ఆ ఇంజెక్షన్‌కి ఒప్పుకోకుండా ఉండాల్సింది’. బాధ భరించలేని స్థితిలో ఉన్న జంతువుకి ప్రశాంతమైన చావు ఇప్పించాలా అన్న నిర్ణయం యజమాని మీదే పడుతుంది. మనుషుల విషయంలో మన కుటుంబాలకి మామూలుగా ఎదురుకాని నిర్ణయం అది, కాబట్టి పెద్దవాళ్ళని అడిగినా దారి దొరకదు.

ఇలాంటప్పుడు పిల్లలకి ‘ఊరికి పంపేశాం’ అని చెప్పడం మన ఇళ్ళలో అలవాటు. మంచి ఉద్దేశంతోనే చెబుతారు. కానీ ఆ పిల్లవాడు తన కుక్కని తల్లిదండ్రులు ఇచ్చేశారనుకుంటాడు, తిరిగి రాకపోతే అది తనని మరిచిపోయిందనుకుంటాడు. చచ్చిపోయిందని చెప్పి, పూలు వేయనిచ్చి, ఏడవనివ్వడమే ఆ పిల్లవాడికి నయం.

తలకిందులైన సంగతి ఇంకొకటుంది, దాని గురించి మన దగ్గర మాట్లాడేవాళ్ళు తక్కువ. ముందు పోయేది యజమానే అయితే? లాబ్రడార్ 10 నుంచి 12 ఏళ్ళు బతుకుతుంది, ఇంట్లో పెరిగిన పిల్లి 15 ఏళ్ళు కూడా దాటవచ్చు. డెబ్బై ఏళ్ళాయన ఆసుపత్రిలో చేరిన రాత్రి ఆ ఇంట్లోని కుక్కకి తలుపు తీసేదెవరు? పొరుగింట్లో ఒకరికి తాళంచెవి ఇచ్చి ఉంచడం, టీకాల పుస్తకం, డాక్టర్ ఫోను నంబరు, ఏ పూట ఏం తింటుందో రాసిన కాగితం ఫ్రిజ్ మీద అంటించడం, ఎవరు తీసుకెళతారో పిల్లలతో ముందే నోరు తెరిచి మాట్లాడుకోవడం, ఇవి బతికి ఉండగా ఒక సాయంత్రంలో అయిపోయే పనులు. ఆ వయసులో కొత్తగా తోడు కావాలనుకునేవాళ్ళు రెండునెలల పిల్ల జోలికి పోకుండా, ఇంటి అలవాట్లు తెలిసిన నాలుగైదేళ్ళ కుక్కని తెచ్చుకుంటే మంచిది. బదిలీమీద వెళ్ళిపోయినవాళ్ళు వదిలేసినవి విశాఖలో ఎప్పుడూ ఉంటాయి. పరుగులు పెట్టించే వయసు దాటినవి కాబట్టి పెద్దవాళ్ళ నడకకి సరిపోతాయి. కొత్త ఇంట్లో మొదటి కొన్నిరోజులు గేటు వైపే చూస్తూ సరిగా తినకపోవచ్చు. ఆ రోజుల్లో తిండి వేళనీ నడక వేళనీ మార్చకూడదు.